మంచు వేళ మోటారుకు వెలుగు

ధనుర్మాసం ప్రవేశించినది మొదలు సంక్రాంతి వెళ్ళి మరికొన్ని వారాలు గడిచే దాకా, గోదావరి డెల్టాలో తెల్లవారుజాము కంటికి కనిపించేది తక్కువ, చెవికి వినిపించేది ఎక్కువ. కోవెల గంట వినిపిస్తుంది. పాల సైకిలు గంట వినిపిస్తుంది. లాకుల దగ్గర నీరు దూకే చప్పుడు వినిపిస్తుంది. గంట కొట్టినవారు గాని, సైకిలు తొక్కుతున్నవారు గాని, ఆ కాలువ గాని పది బారల దూరం నుండి కనిపించవు. ఇట్టి వేళలో ఈ సీమ రోడ్ల మీద కారు నడుపవలసిన వారికి రెండు కోరికలు కలుగుట సహజం. కారు ముందు భాగాన మంచు దీపాలు, అనగా ఫాగ్ లైట్లు, అదనంగా అమర్చుకొనవలెననేది మొదటిది. బంపరుకు ఇనుప కమ్ములు బిగించి గట్టిపరచుకొనవలెననేది రెండవది. మొదటి కోరిక మంచిది. కొంచెం శ్రద్ధ ఉంటే ఇంటివద్దనే తీర్చుకొనదగినది. రెండవది చూపులకు రక్షణవలె ఉంటుంది గాని, నిజానికి కారులో ఉన్నవారికీ, కారుకు ఎదురు వచ్చేవారికీ కూడా అపాయకరమైనది. ఆ సంగతిని వివరించుటే ఈ ప్రసంగం ఉద్దేశం.

ముందుగా మంచు సంగతి తెలుసుకొందాం. చలికాలంలో ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి స్తంభించిన రాత్రి, పగలంతా పుచ్చుకొన్న వేడిని నేల ఆకాశం వైపు విడిచిపెట్టి చల్లబడుతుంది. నేలను ఆనుకొని ఉన్న గాలి కూడా చల్లబడి, తనలోని నీటి ఆవిరిని మోయలేక సన్నని తుంపరలుగా వదలివేస్తుంది. ఆ తుంపరల గుంపే పొగమంచు. డెల్టాలో ఆవిరికి కొదువ లేదు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యమా అని తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడింటా కాలువలు అల్లుకొని ఉన్నాయి. వాటికి తోడు వరిచేలు, ఊరి చెరువులు, ఇటీవలి దశాబ్దాలలో విస్తరించిన చేపల చెరువులు, రొయ్యల చెరువులు. అందుచేత మంచు ఇక్కడ నేలబారుగా, దట్టంగా పడుతుంది. సూర్యోదయానికి కొంచెం అటూ ఇటూగా మరింత చిక్కబడి, ఎండ ఎక్కిన తరువాత గాని విడిపోదు. వాతావరణ శాస్త్రజ్ఞులు 1,000 మీటర్ల లోపల చూపు నిలిచిపోతే దానిని పొగమంచు అంటారు. మన కాలువ గట్ల మీద అందులో ఇరవయ్యో వంతు కూడా కనిపించని ఉదయాలు ఉంటాయి.

ఇక రోడ్ల సంగతి. రాజమహేంద్రవరం, రావులపాలెం, తణుకు, తాడేపల్లిగూడెం మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి వెడల్పైనది; నడుమ విభజన ఉన్నది. కాకినాడ నుండి యానాం, అమలాపురం, రాజోలు, నర్సాపురం మీదుగా పోయే 216వ నంబరు రహదారి కూడా పెద్దదే. కాని ఆ రహదారి దిగి ఊరికి పోవలెనంటే కాలువ గట్టే రోడ్డు. ఒక పక్క కాలువ, మరొక పక్క పంట బోదె, లేదా నిలువెత్తు పల్లంలో చేను. చాలా చోట్ల పిట్టగోడ ఉండదు. మలుపు వచ్చినట్లు తెలియజేసేది ఒక కొబ్బరిచెట్టో, ఒక తూము గట్టో మాత్రమే.

ఆ వేళకు ఆ రోడ్డు నిర్జనంగా ఉంటుందనుకొంటే పొరపాటు. కడియపులంక పూల బజారుకు బుట్టలు చేరవలసినది తెల్లవారకముందే. రావులపాలెం సంతకు అరటి గెలలు, అంబాజీపేటకు కొబ్బరి, భీమవరం వైపు నుండి చేపల లారీలు, అన్నీ చీకటితోనే కదులుతాయి. దాళ్వా నాట్లకు కూలీలు గుంపులుగా నడిచి పోతారు. ధనుర్మాసపు పూజకు స్త్రీలు కోవెలకు బయలుదేరుతారు. పాల సైకిలుకు దీపం ఉండదు. నడిచేవారి చేతిలో దీపం అంతకన్నా ఉండదు. సంక్రాంతికి హైదరాబాదు నుండి వచ్చే బంధువుల కార్లు రాత్రంతా ప్రయాణం చేసి, తోలేవారి కళ్ళు బరువెక్కిన వేళకు, సరిగా మంచు ముదిరిన ఘడియలలోనే ఈ గట్ల మీదికి దిగుతాయి. కాబట్టి ఇక్కడ కారు దీపం అనేది కారు యజమాని సొంత విషయం మాత్రమే కాదు. దీపం లేనివారి ప్రాణం కూడా దానిమీద ఆధారపడి ఉన్నది.

కారుకు మంచు దీపాలు అదనంగా కట్టుకొనుట మనకు కొత్త కాదు. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో 1950ల చివర నుండి 2014 దాకా తయారైన అంబాసిడర్ కారు చాలా కాలం మన టాక్సీ స్టాండ్లను ఏలినది. దానికి ముందు భాగాన మెరుగు పెట్టిన ఉక్కు బంపరు ఉండేది. ఆ బంపరు మీదనో, దాని కిందనో పట్టీ ఒకటి బిగించి, రెండు పసుపుపచ్చని గుండ్రని దీపాలు వేలాడదీయుట వాడుక. నాలుగు బోల్టులు, రెండు వైర్లు, ఒక స్విచ్చి ఉంటే పని అయిపోయేది. ఈనాటి కారు అట్టిది కాదు. కంటికి కనిపించే బంపరు పలుచని ప్లాస్టిక్ తొడుగు మాత్రమే. దాని వెనుక నురుగువంటి మెత్తని పదార్థం, దాని వెనుక అడ్డంగా ఉక్కు దూలం, ఆ దూలాన్ని మోసే రెండు కాళ్ళు, ఎయిర్ బ్యాగులను విచ్చుకొనజేసే తాకిడి సెన్సరులు, ఇవన్నీ ఒక లెక్క ప్రకారం అమరి ఉంటాయి. అందుచేత వెనుకటి పద్ధతిలో చేయి వేయుటకు ముందు కొంత ఆలోచన అవసరం.

మంచు దీపం చేసే పని ఏమిటి? అది మంచును చీల్చుకొని దూరం చూపిస్తుందని చాలామంది నమ్ముతారు. అట్టి దీపం లోకంలో లేదు. మంచులో పెద్ద దీపం, అనగా హై బీమ్, వేసి చూస్తే ఎదుట తెల్లని గోడ లేచినట్లవుతుంది. కారణం తేలికైనదే. వెలుగు మన కంటి ఎత్తుననే సూటిగా ముందుకు పోయి, దారిలో ఉన్న లక్షలాది తుంపరలకు తగిలి, తిరిగి మన కంటిలోనే పడుతుంది. వెలుగు పెంచిన కొద్దీ ఆ గోడ మరింత తెల్లబడుతుంది గాని దారి కనిపించదు. మంచు దీపం దీనికి చేసే ఉపాయం మూడు విధాలు. ఒకటి, దానిని నేలకు దగ్గరగా పెడతారు. వెలుగు మన చూపు వెళ్ళే దారికి కిందుగా పోతుంది. రెండు, వెలుగు పై అంచు గీత గీసినట్లు తెగి ఉంటుంది. ఆ గీతకు పైకి వెలుగు చిమ్మదు. మూడు, వెలుగు ఎడమకూ కుడికీ వెడల్పుగా, విసనకర్రవలె పరచుకొంటుంది. ఫలితంగా దూరం కనిపించదు గాని, కొద్ది మీటర్ల లోపల రోడ్డు అంచు, గట్టు గడ్డి, తెల్ల గీత, పక్కన నడిచేవారి పాదాలు కనిపిస్తాయి. కాలువ గట్టు మీద మనకు కావలసినది ఆ అంచే.

రంగును గూర్చి కూడా ఒక మాట చెప్పవలెను. పసుపు వెలుగు మంచులోనికి చొచ్చుకొనిపోతుందనే నమ్మకం ఇప్పటికీ ఉన్నది. మంచు తుంపర వెడల్పు సుమారుగా మిల్లీమీటరులో నూరవ వంతు. కాంతి తరంగం పొడవు మిల్లీమీటరులో రెండువేలవ వంతు. తుంపర తరంగం కంటె సుమారు ఇరవై రెట్లు పెద్దది గనుక, అది నీలాన్నీ, పసుపునూ, ఎరుపునూ దాదాపు సమానంగానే చెదరగొడుతుంది. అందుచేత పసుపు వెలుగు ఎక్కువ దూరం పోదు. అయితే పసుపు దీపం నీలి, ఊదా వెలుగులను వడకట్టివేస్తుంది గనుక కొందరి కంటికి మిరుమిట్లు తక్కువగా తోచవచ్చును. మన పక్కనే ఉన్న యానాంను 1954 దాకా పాలించిన ఫ్రెంచివారు, తమ దేశంలో 1936 నాటి ఉత్తర్వు మొదలు 1993 దాకా కార్లన్నిటికీ పసుపు హెడ్ లైట్లే ఉండవలెనని శాసించినారు. పిమ్మట ఐరోపా దేశాల నియమాలతో కలసిపోయి ఆ శాసనాన్ని విడిచిపెట్టినారు. కాబట్టి తెలుపైనా పసుపైనా బాధ లేదు. వెలుగు పై అంచు తెగి ఉన్నదా, దీపం కిందికి వంగి ఉన్నదా అన్నదే ముఖ్యం.

ఇప్పుడు దీపాన్ని ఎంచుకొనుట. అనేక కార్లలో ఖరీదైన రకానికి మంచు దీపాలు ఉండి, చౌక రకానికి అదే చోట బంపరులో నల్లని మూత బిగించి ఉంటుంది. అట్టి కారు ఉన్నవారి పని తేలిక. ఆ కారుకు తయారీదారు అంగీకరించిన దీపాలనే కొని, ఆ మూత తీసి, అక్కడే అమర్చుకొనవలెను. అది కారు తయారైన రూపానికి దూరం కాదు. వేరే దీపం కొనేటప్పుడు గాజు మీద గుర్తులు చదవవలెను. ఐరోపా ప్రమాణానికి తగిన మంచు దీపం మీద వృత్తంలో ఈ అక్షరమూ, దానితోపాటు బి అనే అక్షరం గాని ఎఫ్-3 అనే గుర్తు గాని ఉంటుంది. గుర్తు లేని దీపం ఎంత మెరిసినా అది మంచు దీపం కాదు. వెలుగు చిమ్మే గిన్నె మాత్రమే. హాలోజన్ బల్బు కోసం చేసిన దీపంలో ఎల్.ఇ.డి. బల్బు దూర్చుట కూడా తగదు. వెలుగు పుట్టే స్థానం కొంచెం మారితే అద్దం దానిని సరిగా మళ్ళించలేదు. పై అంచు చెదరిపోతుంది. ఎల్.ఇ.డి. కావలెనంటే అందుకోసమే తయారైన దీపం తీసుకొనవలెను.

ఇంటివద్ద పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ వైరును విప్పి పక్కన పెట్టవలెను. ఎయిర్ బ్యాగులు ఉన్న కారైతే ఆ తరువాత కొన్ని నిమిషాలు ఆగుట మంచిది. బంపరు తొడుగు బానెట్ కింద పై అంచున ప్లాస్టిక్ క్లిప్పులతోను, కింద స్క్రూలతోను, చక్రాల గూళ్ళలో రెండు మూడు స్క్రూలతోను బిగించి ఉంటుంది. వాటిని విప్పి, చక్రాల వైపు చివరలను మెల్లగా బయటికి లాగితే తొడుగు వదులవుతుంది. ఇద్దరు మనుషులు పట్టుకొనవలెను. కింద దుప్పటి పరచుకొంటే రంగు గీసుకుపోదు. చలికాలపు ఉదయాన ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది గనుక, ఎండ పడిన తరువాత పని చేయుట మేలు. రంధ్రం చేయవలసి వస్తే తొడుగు లోపలి వైపున తయారీదారు అచ్చులోనే వదలిన గీత ఉన్నదేమో చూడవలెను. ఆ గీత వెంబడి సన్నని రంధ్రాలు వరుసగా వేసి, ఆకురాయితో నునుపు చేయవలెను. వెనుక ఉన్న మెత్తని పదార్థాన్ని గాని, ఉక్కు దూలాన్ని గాని కోయరాదు, తొలవరాదు. రేడియేటరుకు గాలి పోయే దారికి, హారనుకు, నంబరు ప్లేటుకు దీపం అడ్డు రాకూడదు.

ఎత్తు విషయంలో అంతర్జాతీయ నియమం ఒకటి ఉన్నది. మంచు దీపం కింది అంచు నేలకు 250 మిల్లీమీటర్ల కంటె తక్కువ ఎత్తున ఉండరాదు. పై అంచు కారు మామూలు చిన్న దీపం, అనగా డిమ్ లైటు, పై అంచును మించరాదు. రెండు దీపాలు ఒకే ఎత్తున, కారు నడిమి గీతకు సమదూరాన, వీలైనంత పక్కలకు ఉండవలెను. మన రోడ్ల గోతులనూ, వరదనాటి నీటినీ తలచుకొంటే మరీ కిందికి పెట్టుట మంచిది కాదు. చాలాసేపు వెలిగి వేడెక్కిన హాలోజన్ దీపపు గాజు మీద చల్లని నీరు ఒక్కసారిగా పడితే పగులుతుంది.

విద్యుత్తు పని కొంచెం లెక్కతో కూడినది. 55 వాట్ల దీపాలు రెండైతే 110 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ మీద అది 9 ఆంపియర్లకు పైగా విద్యుత్తు. ఇంత విద్యుత్తును డాష్ బోర్డు మీది చిన్న స్విచ్చి గుండా పంపరాదు, స్విచ్చి కాలిపోతుంది. అందుకే రిలే అనే చిన్న పెట్టె ఉన్నది. దాని కాళ్ళ మీద సంఖ్యలు ఉంటాయి. బ్యాటరీ ప్లస్ నుండి బయలుదేరిన వైరు 15 ఆంపియర్ల ఫ్యూజు దాటి 30వ కాలికి రావలెను. 87వ కాలి నుండి రెండు దీపాలకూ పోవలెను. 85వ కాలు ఎర్త్ కు, అనగా కారు శరీరానికి. 86వ కాలు స్విచ్చికి. ఆ స్విచ్చికి విద్యుత్తును పార్కు లైటు వైరు నుండి తీసుకొంటే, పార్కు లైట్లు వేసినప్పుడు మాత్రమే మంచు దీపాలు వెలుగుతాయి. దీపాలు ఆర్పుట మరచి ఇంట్లోకి పోయే ప్రమాదం తగ్గుతుంది. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండవలెను. దూరంగా పెడితే, ఆ నడిమి వైరు ఎక్కడైనా ఒరుసుకొని కారు శరీరానికి తగిలినప్పుడు దానిని కాపాడేది ఏదీ ఉండదు. కారు అంటుకొనుటకు అంతకన్నా సులువైన దారి లేదు.

వైరు లావును గూర్చి చాలామంది పట్టించుకోరు. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు నాలుగు మీటర్ల పొడవున 9 ఆంపియర్లు మోస్తే, దానిలోనే అర వోల్టుకు పైగా నష్టమవుతుంది. హాలోజన్ బల్బుకు వోల్టేజీ నూటికి 5 తగ్గితే వెలుగు నూటికి 16 దాకా తగ్గుతుంది. అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడితే నష్టం పావు వోల్టుతో పోతుంది. పాతిక రూపాయలు మిగిలినవని సన్న వైరు వేసి, దీపం మసకగా ఉన్నదని పెద్ద బల్బు వేయుట కొందరి అలవాటు. పెద్ద బల్బు సన్న వైరును కాల్చును గాని వెలుగును పెంచదు.

డెల్టాలో మరొక శత్రువు తుప్పు. సముద్రపు ఉప్పు గాలి, రొయ్యల చెరువుల తేమ కలసి ఎర్త్ బోల్టును ఏడాదిలో పచ్చబరుస్తాయి. ఎర్త్ బిగించే చోట రంగు గీకి, మెరిసే ఇనుము మీద బోల్టు బిగించి, పైన గ్రీజు పూయవలెను. వైరు కొస దీపంలోకి పోయే ముందు కిందికి ఒక వంపు తిప్పితే, వైరు వెంట జారిన నీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. హాలోజన్ బల్బు గాజును వేళ్ళతో ముట్టుకొనరాదు. చేతి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువగా వేడెక్కి త్వరగా చెడుతుంది. వైర్ల పని చేతకానివారు ఈ భాగాన్ని మంచి ఆటో ఎలక్ట్రీషియనుకు అప్పగించుటలో చిన్నతనం లేదు. అయితే ఫ్యూజు వేసినాడా, రిలే పెట్టినాడా అని అడుగుటకు ఈ మాత్రం తెలిసి ఉండవలెను.

చివరిది, అందరూ వదలివేసేది, గురి చూచుట. సాయంకాలం చీకటి పడిన తరువాత సమతలమైన చోట, గోడకు ఏడున్నర మీటర్ల దూరంలో కారు నిలుపవలెను. చక్రాలలో గాలి సరిగా ఉండవలెను. తోలేవారు సీటులో కూర్చుండవలెను. నేల నుండి దీపం నడిమి దాకా ఎంత ఎత్తో కొలిచి, గోడ మీద అంతే ఎత్తున సుద్దముక్కతో గీత గీయవలెను. వెలుగు పై అంచు ఆ గీతకు 10, 12 సెంటీమీటర్ల కిందుగా పడేటట్లు దీపాన్ని వంచి బిగించవలెను. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం, దీపానికి ఎదుట 8 మీటర్ల దూరంలో, 1.5 మీటర్ల ఎత్తున కన్ను ఉన్న మనిషికి మిరుమిట్లు గొలుపరాదు. ఇంచుమించు అది రోడ్డు అంచున నడిచే మనిషి కంటి ఎత్తే. గోడ మీది సుద్దగీత ఆ మనిషి కోసమే.

అదే నియమాలు ముందు వైపున సెర్చి లైట్లు, స్పాట్ లైట్లు పెట్టుకొనుటను ప్రత్యేక అనుమతి లేనిదే నిషేధించినవి. ఈ రోజులలో కారు నెత్తి మీదా, బంపరు మీదా బద్దలవంటి ఎల్.ఇ.డి. దీపాల వరుసలు బిగిస్తున్నారు. వాటికి పై అంచు అనేదే లేదు. కాలువ గట్టు మీద ఎదురు వచ్చే సైకిలు మనిషి కళ్ళలో అట్టి వెలుగు కొట్టితే, అతనికి కొన్ని క్షణాల సేపు కారూ కనిపించదు, గట్టూ కనిపించదు. తప్పుకొనవలెనని పక్కకు తిప్పితే అక్కడ ఉన్నది కాలువ. మన దారి మనకు కనిపించుటకు ఎదుటివానిని గుడ్డివానిని చేయుట న్యాయం కాదు.

ఇక బంపరుకు బిగించే ఇనుప కమ్ముల సంగతి. వీటిని క్రాష్ గార్డులని, బుల్ బార్లని అంటారు. ప్రతి ఊళ్ళో వెల్డింగు షాపువారు చేసి ఇస్తారు. వీటిని కోరేవారి వాదంలో నిజం లేకపోలేదు. గట్ల మీద గేదెలు అడ్డం వస్తాయి. సంతల దగ్గర బండి నొగ తగులుతుంది. మెల్లగా పోయే కారుకు తగిలిన చిన్న దెబ్బను కమ్మి భరించి, దీపాలనూ రేడియేటరునూ కాపాడుతుంది. చిన్న దెబ్బ వరకు అది నిజమే. పెద్ద దెబ్బలో ఏమవుతుందన్నదే ప్రశ్న.

కారు ముందు భాగం నలుగుట దాని లోపం కాదు, దాని ధర్మం. ఈ సూత్రాన్ని మెర్సిడెస్ సంస్థలో పనిచేసిన బేలా బారేనీ అనే ఇంజనీరు కనిపెట్టి 1952లో పేటెంటు పొందినాడు. మనుషులు కూర్చుండే గది గట్టిగా ఉండవలెను. దాని ముందూ వెనుకా ఉన్న భాగాలు ముడుచుకొనిపోతూ తాకిడి శక్తిని తామే దిగమింగవలెను. 1959లో ఆ పద్ధతిలో చేసిన కారు బయటికి వచ్చినది. నేటి కార్లన్నీ ఆ దారిలోనే నడుస్తున్నాయి. కొబ్బరికాయ పీచు వలిచి రాతి మీద వేసిన దానికీ, పీచుతోనే వేసిన దానికీ ఎంత భేదమో మనకు తెలియనిది కాదు. పీచు నలుగుతుంది, కాయ నిలుస్తుంది. ఇనుప కమ్మిని కారు చట్రానికి బోల్టులతో బిగించుట పీచు ఒలిచివేయుటతో సమానం. నలుగవలసినది నలుగక, దెబ్బ సూటిగా లోపలికి పోతుంది. తాకిడి వేగాన్ని సెన్సరులు లెక్క కట్టే తీరు మారిపోయి, ఎయిర్ బ్యాగు విచ్చుకొనవలసిన క్షణంలో కాక వేరొక క్షణంలో విచ్చుకొనవచ్చును, అసలే విచ్చుకొనకపోవచ్చును. 2019 జూలై నుండి కొత్త కార్లన్నిటికీ తోలేవారి పక్షాన ఎయిర్ బ్యాగు తప్పనిసరి చేసినారు. దానిని ఒక చేత్తో కొనుక్కొని, మరొక చేత్తో చెడగొట్టుకొనుట వివేకం కాదు.

కారు బయట ఉన్నవారి సంగతి ఇంతకన్నా దారుణం. మెత్తని తొడుగు, దాని వెనుక నురుగు, కొంచెం వంగే బానెట్, ఇవి నడిచేవానికి తగిలినప్పుడు దెబ్బను కొంతైనా తగ్గిస్తాయి. ఇనుప గొట్టం తగ్గించదు. పెద్దవానికి తొడకూ నడుముకూ తగిలే కమ్మి, బడికి పోయే పిల్లకు తలకు తగులుతుంది. ఈ కారణం చేతనే ఐరోపా దేశాలు 2005లో ఇట్టి కమ్ములకు కఠినమైన పరీక్షలు విధించినాయి. మన దేశంలో 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ అన్ని రాష్ట్రాలకూ లేఖ వ్రాసి, క్రాష్ గార్డులు 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షనుకు విరుద్ధమని తెలియజేసినది. తయారీదారు నిర్దేశించిన మూల లక్షణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. అదే సంవత్సరం సవరించిన చట్టం ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జుర్మానా గాని, ఆరు నెలల దాకా ఖైదు గాని, రెండూ గాని విధించవచ్చును. దీపాల విషయంలోనూ ఈ మాట గుర్తుంచుకొని, తయారీదారు అంగీకరించిన వాటితోనే తృప్తి పడుట క్షేమం.

మంచు దీపాలు అమర్చుకొన్నంత మాత్రాన పని ముగిసినది కాదు. అవి దూరాన్ని చూపవని చెప్పినాను గదా. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు సుమారు 17 మీటర్లు పోతుంది. అడ్డం కనిపించి, కాలు బ్రేకు మీద పడే సరికి ఒకటిన్నర సెకను అనుకొంటే 25 మీటర్లు గడచిపోతాయి. తడిసిన రోడ్డు మీద ఆగుటకు మరి 28 మీటర్లు. మొత్తం 50 మీటర్లకు పైమాటే. చూపు 30 మీటర్లే ఆనుతున్నప్పుడు ఆ వేగం ఆత్మహత్యతో సమానం. అదే 30 కిలోమీటర్ల వేగమైతే సుమారు 20 మీటర్లలో కారు ఆగుతుంది. ఇరుకైన గట్టు మీద ఎదురు వచ్చే బండి కూడా ఆగవలెను గనుక, కనిపించే దూరంలో సగంలోపల ఆగగలిగిన వేగమే సరియైన వేగం. అంతకు తక్కువ కనిపిస్తే లాకుల దగ్గరనో, ఊరి మొగలోనో, రోడ్డు దిగి కారు నిలిపి, ఎండ ఎక్కే దాకా ఆగుట ఉత్తమం. రోడ్డు మీదనే నిలుపుట మాత్రం ఎన్నడూ చేయరాదు.

మంచు విడిపోగానే ఆ దీపాలను ఆర్పివేయవలెను. తేటగా ఉన్న రాత్రి అవి కారు ముందరి రోడ్డును మాత్రమే వెలిగించి, కంటిని ఆ దగ్గరి వెలుగుకు అలవాటు చేసి, దూరంలో ఉన్నదానిని మరుగుపరుస్తాయి. వారానికి ఒకసారి గాజు మీది బురద తుడిచి, ఏటా ధనుర్మాసానికి ముందు ఒక సాయంకాలం గోడ ఎదుట గురి సరిచూచుకొనవలెను. సంక్రాంతికి కారు కడిగి పూలదండ వేసే ఇండ్లలో ఈ చిన్న పని కూడా ఆ వేడుకలో చేరితే బాగుంటుంది. అట్లే మన ఇంటికి పాలు పోసేవారి సైకిలు వెనుకా, మన చేలో పనికి వచ్చేవారి బండి వెనుకా, వెలుగు పడితే మెరిసే ఎర్ర కాగితం ఒక ముక్క అంటించి ఇచ్చుట యజమాని విధిగా భావించవలెను. దాని ఖరీదు ఒక పూట కాఫీ ఫలహారాలకు మించదు. కారుకు అమర్చిన దీపం సగం పని చేస్తుంది. ఎదుట దానిని అందుకొని మెరిసే ఆ ముక్క మిగిలిన సగం పని చేస్తుంది.